కత్తి తగలట్లేదంటే విల్లు పట్టుకోమనే సీనియర్లకు

సీనియర్ ఆటగాళ్లందరికీ నమస్కారం.

బాల్డర్స్ గేట్ 3 అనే కంప్యూటర్ ఆటలో తొలి అంకం సగం దాటేసరికి కొత్తవాళ్లలో చాలామంది ఒకే ఫిర్యాదుతో మీ దగ్గరికి వస్తారు. "అన్నా, నా నలుగురి జట్టులో ఫైటర్ లేజెల్ చేతికి ఇంత పెద్ద కత్తి ఇచ్చాను. చిల్లర గోబ్లిన్లను నరికేస్తోంది. కవచం తొడుక్కున్న గట్టివాడు ఎదురైతే మాత్రం మిస్, మిస్, మళ్లీ మిస్. ఏం చేయమంటావ్?" మీ దగ్గర జవాబులు సిద్ధంగా ఉంటాయి. డిఫికల్టీ తగ్గించుకో. రెండు లెవెళ్లు పెరిగాక రా. అన్నిటికంటే ఎక్కువగా వినపడేది మూడోది: కత్తులు పక్కన పడేసి అందరికీ విల్లులు ఇచ్చేయ్, ఈ ఆటలో మెలీ (దగ్గరికెళ్లి కొట్టడం) దండగ.

ఆ మూడు జవాబుల మీదే నాకు పేచీ. మీరు చెప్పే మాటకు విలువ ఎక్కువ కాబట్టే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను. ఈ ఆటలో తెలుగు భాష లేదు. నియమాలన్నీ ఇంగ్లిష్‌లో, చిన్న చిన్న పెట్టెల్లో, చిన్న అక్షరాల్లో ఉంటాయి. అవన్నీ చదివే ఓపిక లేనివాళ్లు మీ మాట విని పార్టీ (జట్టు) మార్చేస్తారు, కొందరైతే ఆటే మానేస్తారు.

ముందు డిఫికల్టీ సంగతి తేల్చేద్దాం. ట్యాక్టీషియన్ అనే కష్టమైన స్థాయిలో శత్రువుల ప్రాణం 30 శాతం పెరుగుతుంది. వాళ్ల దాడి రోల్‌కు +2, మనం తప్పించుకోవాల్సిన మంత్రాల కష్టానికి +2 కలుస్తాయి. వాళ్ల ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే మన పాచిక, బోనస్ కలిపి చేరాల్సిన అంకె) మాత్రం పెరగదు. అంటే ట్యాక్టీషియన్ నుంచి మామూలు స్థాయి బ్యాలెన్స్‌డ్‌కి దిగినవాడికి దెబ్బలు తక్కువ పడతాయి, శత్రువు కాస్త ముందే చస్తాడు. కత్తి తగిలే శాతం మాత్రం అక్కడే ఉంటుంది. అడిగింది గురి గురించి, ఇచ్చిన మందు ఇంకో జబ్బుకి. కథ కోసమే ఆడేవాళ్లు సులువైన ఎక్స్‌ప్లోరర్‌లో హాయిగా ఆడుకోవచ్చు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ యుద్ధం నేర్చుకోవాలని వచ్చినవాడికి ఆ జవాబు చెప్పి పంపేస్తే ఎలా?

"లెవెల్ పెంచుకో" అనే మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థమవుతుంది. మీలో చాలామంది 1998 నాటి మొదటి బాల్డర్స్ గేట్‌తో పెరిగినవాళ్లు. అందులో థాకో అనే లెక్క ఉండేది, అంటే ఆర్మర్ క్లాస్ సున్నా ఉన్నవాడికి తగలాలంటే పాచిక మీద పడాల్సిన అంకె. ఆర్మర్ క్లాస్ ఎంత తగ్గితే శత్రువు అంత గట్టి. వీరుడికి ప్రతి లెవెల్‌కూ థాకో ఒకటి మెరుగయ్యేది, మంత్రగాడికి మూడు లెవెళ్లకు ఒకటి. పదో లెవెల్ ఫైటర్ థాకో 11 అయితే, అదే లెవెల్ మంత్రగాడిది 17. ఆర్మర్ క్లాస్ సున్నా ఉన్నవాడి మీద ఇద్దరూ కత్తి దూస్తే, బలం వల్ల వచ్చే బోనస్‌లు పక్కన పెట్టి చూసినా ఫైటర్‌కి 50 శాతం, మంత్రగాడికి 20 శాతం. గురి అనేది వీరుడి సొంత ఆస్తి అన్నమాట. ఓపిక పట్టి లెవెళ్లు ఎక్కితే అదే వచ్చేది. అప్పట్లో మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం.

2014లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ నియమాలు ఆ ఆస్తిని అందరికీ సమానంగా పంచేశాయి. ఆట తయారుచేసిన లారియన్ వాళ్లు బాల్డర్స్ గేట్ 3ని కట్టింది వాటి మీదే. ఇందులో ప్రొఫిషియెన్సీ బోనస్ (లెవెల్‌తో పెరిగే నైపుణ్యం అంకె) ఏ క్లాస్‌కైనా ఒకటే. ఒకటి నుంచి నాలుగో లెవెల్ దాకా +2, ఐదు నుంచి ఎనిమిది దాకా +3, తొమ్మిది నుంచి పన్నెండు దాకా +4. ఆట పన్నెండుతో ఆగిపోతుంది. అంటే ఆట మొత్తంలో లెవెల్ వల్ల పెరిగే గురి రెండు పాయింట్లు, ఇరవై ముఖాల పాచిక మీద 10 శాతం. పదో లెవెల్‌లో బలం 20 ఉన్న లేజెల్ దాడి బోనస్ +9. తెలివి 20 ఉన్న మంత్రగాడు గేల్ మంత్రం విసిరితే అతనిదీ +9. అన్నేళ్లు కత్తి తిప్పినందుకు గురి విషయంలో లేజెల్‌కు దక్కిన అదనం సున్నా. రూపకర్తలు కావాలనే ఇలా చేశారు, దానికి బౌండెడ్ యాక్యురసీ అని పేరు కూడా పెట్టుకున్నారు. నాకు నచ్చిందా అంటే, మొదట్లో నచ్చలేదు. వీరుడిలో వీరత్వం తీసేసినట్టు అనిపించింది.

అయితే వీరుడికి ఇంకోచోట ఇచ్చారు. ఐదో లెవెల్‌లో ఒక యాక్షన్‌కి రెండు దెబ్బలు. ఫైటర్‌కైతే పదకొండులో మూడు. యాక్షన్ సర్జ్ (అదనపు యాక్షన్) వాడితే మళ్లీ అన్ని. అంటే లేజెల్‌కు ఎవరైనా ఒక్క పాయింట్ గురి కలిపితే, ఆ పాయింట్ ఒక్క టర్న్‌లోనే నాలుగు దెబ్బలకో ఆరు దెబ్బలకో పనిచేస్తుంది. నేను చెప్పదలుచుకున్నదంతా దీని చుట్టూనే తిరుగుతుంది. ఈ ఆటలో మెలీ వీరుల గురి పార్టీలో మిగతా ముగ్గురి పని. వీరుడు ఆ గురిని ఎక్కువసార్లు వాడుకునే మనిషి. కొత్తవాడు "నా లేజెల్‌కు తగలట్లేదు" అన్నప్పుడు మీరు లేజెల్‌నే చూస్తున్నారు. ఆ సమయంలో జట్టులోని క్లెరిక్ (దైవ మంత్రాలు వేసే పాత్ర) షాడోహార్ట్ ఏం చేస్తోందో అడగట్లేదు.

ఒక లెక్క వేసి చూపిస్తాను. ఐదో లెవెల్ లేజెల్. బలం 17, అంటే +3. ప్రొఫిషియెన్సీ +3. మొత్తం +6. చేతిలో మామూలు గ్రేట్‌స్వోర్డ్, సగటు దెబ్బ 10. ఎదురుగా ఆర్మర్ క్లాస్ 18 ఉన్నవాడు. పాచిక మీద 12 లేదా అంతకంటే ఎక్కువ పడాలి, అంటే 45 శాతం. ఒక్కో దాడికి సగటున 4.5 నష్టం. ఇప్పుడు మన కొత్తవాడు నాలుగో లెవెల్‌లో గ్రేట్ వెపన్ మాస్టర్ అనే ఫీట్ (ప్రత్యేక నైపుణ్యం) తీసుకున్నాడనుకోండి. అది మంచి ఫీట్ అని వాడికి చెప్పిందీ మీరే. దానితో వచ్చే ఆల్ ఇన్ ఆన్‌లో ఉంటే గురి 5 తగ్గి నష్టం 10 పెరుగుతుంది. తగిలే అవకాశం 45 నుంచి 20 శాతానికి పడిపోతుంది. తగిలితే 20 నష్టం, సగటున 4. ఫీట్ లేనప్పటి కంటే తక్కువ! ఐదింట్లో నాలుగు దెబ్బలు గాలికి పోతుంటే వాడు మెలీ దండగ అనుకోడా మరి.

ఇదే లేజెల్‌కు షాడోహార్ట్ బ్లెస్ అనే మంత్రం వేసిందనుకోండి. ప్రతి దాడికీ నాలుగు ముఖాల పాచిక ఒకటి కలుస్తుంది, సగటున 2.5. ఇంకెవరో శత్రువును పడగొట్టడం వల్లో, ఫేరీ ఫైర్ మంత్రం వల్లో అడ్వాంటేజ్ కూడా వచ్చింది. పాచిక రెండుసార్లు వేసి పెద్దది తీసుకుంటుంది. ఇప్పుడు ఆల్ ఇన్ ఆపేస్తే తగిలే అవకాశం సుమారు 82 శాతం, సగటు నష్టం 8 పైచిలుకు. ఆల్ ఇన్ ఆన్ చేస్తే 54 శాతం, సగటు నష్టం 11కి దగ్గర. అదే మనిషి, అదే కత్తి, అదే శత్రువు. 4 ఎక్కడ, 11 ఎక్కడ! మారిందల్లా పక్కవాళ్లు చేసిన రెండు పనులు.

దీంట్లోంచే ఆల్ ఇన్‌కి ఒక సులువు కొండగుర్తు వస్తుంది. సగటు దెబ్బ 10 ఉన్న దశలో, ఆల్ ఇన్ ఆపి ఉన్నప్పుడు శత్రువు మీద కనిపించే శాతం 50 దాటితేనే దాన్ని ఆన్ చేయాలి. సరిగ్గా 50 దగ్గర రెండూ సమానం. ఆయుధం మెరుగై దెబ్బ పెరిగేకొద్దీ ఈ గీత పైకి జరుగుతుంది, సగటు 14 అయితే 60 శాతం. అడ్వాంటేజ్ ఉంటే కనిపించే శాతంలో అదీ కలిసే ఉంటుంది కాబట్టి గీత ఇంకా పైకి జరుగుతుంది. ఆ బటన్ ఆన్ చేసి మర్చిపోయేది కాదని కొత్తవాళ్లకు ఎవరూ చెప్పట్లేదు.

ఇక విల్లు వాదన. ఇందులో బలం ఉంది, ఒప్పుకుంటాను. ఆర్చరీ అనే ఫైటింగ్ స్టైల్ దూరం నుంచి కొట్టేవాళ్లకు గురిలో +2 ఇస్తుంది. కత్తి పట్టుకున్నవాళ్లకు అలాంటి స్టైల్ ఏదీ లేదు. ఎత్తు మీద నిలబడితే విలుకాడికి ఇంకో +2. అంటే 20 శాతం తేడా ఊరికే వచ్చిపడుతుంది. మీరు నలుగురికీ విల్లులిచ్చి మేడెక్కించడంలో తప్పేమీ లేదు, గెలుస్తారు కూడా. కానీ రెండు విషయాలు చెప్పకుండా దాటేస్తున్నారు. శత్రువు పక్కకొచ్చి నిలబడగానే విలుకాడికి డిసడ్వాంటేజ్ వస్తుంది, అంటే రెండు పాచికల్లో చిన్నదే లెక్క. ముందు వరుసలో ఎవరూ లేకపోతే శత్రువు రాక ఏం చేస్తాడు? రెండోది ఇంకా ముఖ్యం. గట్టి శత్రువును బలహీనుణ్ని చేసే మంచి ఉపాయాల్లో చాలావరకు దగ్గరున్నవాడికే ఫలితమిస్తాయి. కిందపడ్డవాడి మీద అడ్వాంటేజ్ 3 మీటర్ల లోపల ఉన్నవాళ్లకే. హోల్డ్ పర్సన్ మంత్రం పడి బిగుసుకుపోయినవాడికి దగ్గర్నుంచి తగిలిన ప్రతి దెబ్బా క్రిటికల్. మేడ మీది విలుకాడికి ఆ భాగ్యం లేదు.

మీ దగ్గర అసలు వినపడని సంగతి ఇంకొకటుంది. కత్తి తగలనివ్వని ఆ కవచం మంత్రాన్ని ఆపలేదు. బరువైన ప్లేట్ కవచం వేసుకున్నవాడి ఆర్మర్ క్లాస్‌లో చురుకుదనం కలవదు, మొత్తం ఇనుమే. అందుకే అలాంటివాళ్లలో చాలామందికి డెక్స్టెరిటీ సేవ్ (చురుకుతో మంత్రాన్ని తప్పించుకునే రోల్) అంతంతమాత్రం. గ్రీజ్ వేస్తే జారి పడతారు. ఫేరీ ఫైర్ వేస్తే మెరుస్తూ నిలబడతారు. రెండూ మొదటి లెవెల్ మంత్రాలే. గ్రీజ్‌కి కాన్సన్‌ట్రేషన్ (మంత్రం మీద మనసు నిలిపి ఉంచడం) కూడా అక్కర్లేదు. శత్రువు మీద మౌస్ పెట్టి టీ నొక్కితే ఎగ్జామిన్ తెరుచుకుంటుంది, ఏ సేవ్ తక్కువో కనపడుతుంది. దేహదారుఢ్యం ఎక్కువున్నవాడి మీద బ్లైండ్‌నెస్ వృథా. విజ్డమ్ సేవ్ తక్కువున్నవాడైతే హోల్డ్ పర్సన్ వేయొచ్చు, కాకపోతే మనిషి జాతి లాంటివాళ్ల మీదే పనిచేస్తుంది. హౌస్ ఆఫ్ హోప్ అనే చోట ఎదురయ్యే రాఫెల్ మీద హోల్డ్ పర్సన్ కోసం చూసి లాభం లేదు, వాడు సైతాను. ఈ చూపు అలవాటైతే "గట్టి శత్రువు" అన్న మాటకు అర్థమే మారుతుంది. ఎవడూ అన్ని వైపులా గట్టివాడు కాదు.

అడ్వాంటేజ్ గురించి మాట్లాడుతున్నప్పుడు దయచేసి ఒక్క వాక్యం అదనంగా చెప్పండి: అది పోగుపడదు. ఫేరీ ఫైర్, గైడింగ్ బోల్ట్, కిందపడటం మూడూ కలిసినా ఒకటే అడ్వాంటేజ్. ముగ్గురి టర్న్‌లూ ఒకే పని మీద తగలేసినట్టు. పైగా ఎక్కడో ఒక్క డిసడ్వాంటేజ్ తగిలిందా, ఆ మూడూ కలిసి కూడా దాన్ని మించలేవు, లెక్క మామూలు పాచిక దగ్గరికి వచ్చేస్తుంది. విషం ఎక్కి ఉండటం, మన మంత్రగాడే వేసిన చీకట్లోకి లేజెల్‌ను పంపడం, వాడటం రాని కవచం తొడగడం... తగలట్లేదని మొత్తుకునేవాళ్లలో చాలామంది ఇలాంటిదేదో నెత్తిన పెట్టుకునే తిరుగుతుంటారు. ఎర్లీ యాక్సెస్ (ఆట పూర్తికాకముందే ఆడనిచ్చిన) రోజుల్లో వెనక నుంచి కొడితే అడ్వాంటేజ్ ఉండేది. 2023 ఆగస్టులో పూర్తి ఆట వచ్చేసరికి అది లేదు. శత్రువుకు చెరోవైపు నిలబడే ఫ్లాంకింగ్ నియమం కూడా ఇందులో లేదు. అయినా "వెనక్కి తిరిగి వెళ్లి పొడువు" అనే సలహా ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. కొత్తవాళ్లు దాన్ని నమ్మి, శత్రువు చుట్టూ ప్రదక్షిణ చేసి ఆపర్చునిటీ అటాక్ (దూరం జరిగేటప్పుడు శత్రువుకు దక్కే అదనపు దెబ్బ) తింటున్నారు.

పోగుపడేవి వేరే ఉన్నాయి. సూటిగా అంకె కలిపేవన్నీ ఒకదాని మీద ఒకటి చేరతాయి. బ్లెస్ అలాంటిదే. ఆయుధానికి పూసుకునే ఆయిల్ ఆఫ్ యాక్యురసీ +2. బ్యాటిల్ మాస్టర్ (ఫైటర్‌లో ఒక శాఖ) అయితే ప్రెసిషన్ అటాక్‌తో ఎనిమిది ముఖాల పాచిక ఒకటి, సగటున 4.5, అంటే 20 శాతం పైనే. హిల్ జెయింట్ స్ట్రెంత్ ఎలిక్సర్ తాగితే బలం 21 అవుతుంది. 17 బలమున్న లేజెల్‌కు అది గురిలో +2, నష్టంలో +2, రాత్రి విడిది దాకా. ఆటలోని ఆంటీ ఎథెల్ అనే ముసలావిడ అమ్ముతుంది. ఆవిడతో మీ పంచాయితీ తర్వాత తేల్చుకోండి, ముందు సరుకు తెచ్చుకోండి. ఇక అందరూ మర్చిపోయేది యాసిడ్. యాసిడ్ తగిలి ఆ స్థితిలో ఉన్న శత్రువు ఆర్మర్ క్లాస్ 2 తగ్గుతుంది. సంచిలో మూలుగుతున్న యాసిడ్ సీసాను జట్టులోని ఆస్టారియన్ విసిరితే చాలు. అది తగ్గించేది శత్రువు కవచం కాబట్టి, లేజెల్‌కూ కార్లక్‌కూ విల్‌కూ అందరికీ కలిసొస్తుంది. ఆ సీసాలు అమ్ముకుని బంగారం చేసుకోమనే సీనియర్లు కూడా మీలో ఉన్నారు. వాళ్ల మీద నాకు ప్రత్యేకంగా కోపం.

ఇక అసలు తిరకాసు కాన్సన్‌ట్రేషన్ దగ్గర వస్తుంది. ఒక మంత్రగత్తె ఒకసారికి ఒక్కదాని మీదే మనసు నిలపగలదు. బ్లెస్ నిలబెట్టాల్సిన షాడోహార్ట్‌ను, కవచం ఉంది కదా అని ముందు వరుసలో నిలబెడితే, దెబ్బ తగిలిన ప్రతిసారీ కాన్‌స్టిట్యూషన్ సేవ్ వేయాలి. తప్పితే బ్లెస్ పోతుంది. కిందపడితే సేవ్ కూడా ఉండదు, నేరుగా పోతుంది. అందుకే ఆమె వెనక, స్తంభం చాటున ఉండాలి. ఆమె టర్న్‌లో "ఏమీ చేయకుండా" నిలబడి ఉన్నట్టు కనిపిస్తుంది. కొత్తవాళ్లకు ఇది భరించలేని విషయం, నాకు తెలుసు. క్లెరిక్ ఖాళీగా ఉందని ఇంకో కాన్సన్‌ట్రేషన్ మంత్రం వేసేస్తారు, ముందుది ఎగిరిపోతుంది, లేజెల్ మళ్లీ మిస్. ది విస్పరింగ్ ప్రామిస్ ఉంగరం దొరికితే ఈ గొడవ చాలావరకు తీరుతుంది. అది పెట్టుకున్నవాళ్లు ఎవరికి వైద్యం చేస్తే వాళ్లకు రెండు టర్న్‌ల పాటు అదే నాలుగు ముఖాల పాచిక వస్తుంది, కాన్సన్‌ట్రేషన్ లేకుండా.

పెద్ద యుద్ధానికి ముందు మాటామంతీ ఉంటుందని తెలిస్తే, మాట కలపకముందే బ్లెస్ వేసుకోవచ్చు. పది టర్న్‌లు ఉంటుంది. యుద్ధం బయట మాత్రం గడియారం ఆగదు, ఒక్క నిమిషంలో కరిగిపోతుంది. కాబట్టి వేసుకున్నాక గది అంతా వెతుకుతూ పెట్టెలు తెరవకూడదు.

కార్మిక్ డైస్ సంగతి ఎవరో ఒకరు ఎత్తుతారు కాబట్టి రెండు ముక్కలు. వరసగా ఓడిపోకుండా పాచికను కాస్త వంచే సెట్టింగ్ అది, మొదట ఆన్‌లోనే ఉంటుంది. అది శత్రువులకూ వర్తిస్తుంది. మిస్‌లకు మందు అదే అనుకుంటే పొరపాటు. నేనైతే ఆపేసి ఆడతాను, అది నా ఇష్టం.

ఇంతా చెప్పాక, లారియన్ వాళ్ల మీద ఒక మాట అనకపోతే మనసు ఊరుకోదు. శాతం చూపిస్తారు, బాగుంది. కానీ ఆ శాతం ఎందుకంత తక్కువో వెతుక్కుంటే తప్ప తెలియదు. గురి 20 శాతానికి పడినప్పుడు "ఆల్ ఇన్ వల్ల 25 శాతం పోయింది" అని కళ్ల ముందు రాసి ఉంటే, మీ దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో సగం ఉండేవి కావు. అది లేదు కాబట్టే ఆ పని మీ మీద పడింది.

అందుకని నా విన్నపం ఇది. ఈసారి ఎవరైనా కత్తి తగలట్లేదని వస్తే, జవాబు ఇచ్చే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. శత్రువు మీద మౌస్ పెడితే ఎంత శాతం చూపించింది? ఆల్ ఇన్ ఆన్‌లో ఉందా? లేజెల్ టర్న్ వచ్చేసరికి మిగతా ముగ్గురూ ఏం చేశారు? కాన్సన్‌ట్రేషన్ ఎవరి దగ్గర, దేని మీద ఉంది? మీకు అర నిమిషం పడుతుంది. సమాధానాలు విన్నాక కూడా ఆ పార్టీకి విల్లులే మేలనిపిస్తే అలాగే చెప్పండి. ఏ యుద్ధం, ఏ లెవెల్, ఆర్మర్ క్లాస్ ఎంత అన్నది కూడా దగ్గర పెట్టుకోండి. ఆ అంకెల మీద మీతో వాదించడానికి నేను సిద్ధంగానే ఉన్నాను.

ఇట్లు,
షాడోహార్ట్‌ను స్తంభం చాటున నిలబెట్టి ఆడే ఒక ఆటగాడు